బటన్ లేని పియానో

నా పాటలో ఏదో ఉందని రవికుమార్ మొదటిసారి చెప్పిన రోజు మా ముందు వినేవాళ్ళు ఒక్కరు కూడా లేరు. కల్లూరు దగ్గర ఒక పెళ్లి. నేను చరణం మధ్యలో ఉండగా ఎవరో భోజనాలకు లేవమన్నారు. షామియానా కింద ఉన్న జనమంతా లేచి పప్పుచారు వైపు వెళ్లిపోయారు. పెళ్లికొడుకు కూడా మెడ తిప్పి అటే చూస్తున్నాడు.

"ఆపకు అక్కా, మంచిగ వస్తంది," అన్నాడు కీబోర్డు దగ్గర నుంచి రవి.

ఎవరికి మంచిగా వస్తోందో నాకు అర్థం కాలేదు. అయినా ఆపలేదు. మాట్లాడుకున్న పాటలన్నీ పాడకపోతే పెళ్లివారు ఊరుకోరు. వినకపోయినా లెక్క మాత్రం పెట్టుకుంటారు.

నా పేరు ప్రమీలారాణి. మాది బోనకల్. పెళ్లిళ్లలో పాడటం నా బతుకుదెరువు. మధిర నుంచి భద్రాచలం దాకా నా పాట చెవిన పడని మనిషి ఉండడు, విన్న మనిషి కూడా ఉండడు. నాకు ఒకటే కోరిక. నేను పాడుతుంటే నోటి దగ్గరికి వెళ్లిన ముద్ద ఒక్కసారి ఆగాలి. చిన్న కోరికే అనుకున్నాను. పెళ్లి భోజనాన్ని ఓడించాలంటే ఎంత సంగీతం కావాలో అప్పటికి నాకు తెలియదు.

రవికుమార్‌ది కొత్తగూడెం పక్కన తండా. వారమంతా మండలాఫీసులో కంప్యూటర్ ముందు, ముహూర్తాలున్నప్పుడు నా పక్కన కీబోర్డు ముందు కూర్చుంటాడు. ఎవరి శృతికైనా క్షణంలో వాయిస్తాడు. అందులో గొప్పేమీ లేదు. మా వైపు కీబోర్డు వాళ్ళందరికీ ఒకే విద్య వచ్చు. తెల్లమెట్ల మీద, ఒకటో శృతిలో అన్ని పాటలూ నేర్చుకుంటారు. పాడేవాళ్ళ శృతి ఏదైనా సరే, ఎడమ పక్క పైన ట్రాన్స్‌పోజ్ అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే వేళ్లు అక్కడే ఉండి శబ్దం మాత్రం పైకో కిందికో జరుగుతుంది. నాది ఐదున్నర శృతి. నేను మైకు పట్టుకోగానే రవి ఎడమచెయ్యి తనంతట తానే ఆ బటన్ మీదికి వెళ్లేది. గుడిలోకి వెళ్తే చెయ్యి గంట మీదికి వెళ్లినట్టు.

అలాంటి మనిషికి ఫోనులో జాజ్ అనే అమెరికా సంగీతం కనిపించింది. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడంటారు. రవి తిండీ నిద్రా ఎరగడం మానేశాడు.

"మనం వాయించేదంత చిన్నపిల్లల వాయింపు అక్కా," అని ఒకరోజు వాళ్ళింట్లో నన్ను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. సా నొక్కి, ఒకటి వదిలి గా, ఇంకొకటి వదిలి పా నొక్కాడు. మూడూ కలిస్తే మామూలు కార్డు. పెళ్లిళ్లలో మా కాపురమంతా దానితోనే. అదే వరసలో ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటూ పైకి వెళ్తే నీ వస్తుంది. అది ఏడో మెట్టు. ఆ పై స్థాయిలో రీ తొమ్మిది, మా పదకొండు, ధా పదమూడు.

"పదమూడు దాక పోతే ఏడు స్వరాలు లోపలికొచ్చినట్టే," అన్నాడు.

"అన్నీ కలిపి నొక్కితే?"

నొక్కి చూపించాడు. పండగ ముందు రోజు ఖమ్మం బస్టాండులో సత్తుపల్లి బస్సు వచ్చినట్టుంది.

"గందుకే అన్ని నొక్కొద్దు. ఏది ఇడిచిపెట్టాల్నో తెలుసుడే జాజ్. పా ఉన్నా లేకున్నా ఒకటే, తీసెయ్యాలె. సా సంగతి బేస్ గిటార్ బలరాం చూసుకుంటడు, అదీ తీసెయ్యాలె. గా, నీ మాత్రం ముట్టుకోవద్దు. కార్డు నవ్వుతదో ఏడుస్తదో చెప్పేటియి అవే. ఇగ మా ఉన్నదే, గా పక్కకు కూసుంటే ఇద్దరికీ పడదు. దాన్ని సగం మెట్టు పైకి జరపాలె."

రవి భార్య సువర్ణ అంగన్‌వాడీ టీచరు. గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"ఉప్పు తీసేసి, చింతపండు తీసేసి, నీళ్లు తీసేసి నేను గూడ ఒకనాడు చారు పెడ్త. తిని చూడు జాజ్ ఎట్లుంటదో," అంది.

నేను నవ్వాను. రవి నవ్వలేదు. నాలుగు వేళ్లు మెట్ల మీద పెట్టి ఒక కార్డు వాయించాడు. తర్వాత ఆ నాలుగింటిలో ఒక్క వేలు మాత్రం, అదీ సగం మెట్టు, కిందికి జరిపాడు. మిగతా మూడు కదల్లేదు. కార్డు మొత్తం మారిపోయింది. ఇంటికి వెళ్దామా అని ఎవరో అడిగినట్టుంది. మళ్ళీ కొంచెం జరిపాడు, ఇల్లు వచ్చింది. సువర్ణ కూడా గుమ్మం వదిలి లోపలికొచ్చింది.

"ఇప్పుడు నీ అమ్మ పాట పాడు అక్కా," అన్నాడు.

మా అమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాట ఒకటి ఉంది. పెళ్లిళ్లలో ఎవరూ అడగరు కాబట్టి నా దగ్గర చెడిపోకుండా మిగిలింది. అందులో మొదటి మాట దగ్గర సా మీదికి దిగకుండా రీ మీదే ఆగాలి. ఎందుకాగాలో అమ్మకు తెలియదు, నాకూ తెలియదు. రవి బటన్ నొక్కాడు, నేను పాడాను, ఆ రీ దగ్గర ఆగాను. కింద రవి కార్డు వచ్చి నిలబడింది.

"గదే తొమ్మిదో మెట్టు. ఇన్నొద్దులు నువ్వు గాల్ల నిలబడి పాడినవ్ అక్కా. కింద మెట్టు పెట్టినోడే లేడు."

నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పడానికి సిగ్గెందుకు, బాగా ఏడ్చాను. వినే దిక్కు లేక వదిలేసిన పాట నిజంగా పాటేనని అప్పుడు తెలిసింది. దాన్ని మనుషుల ముందు ఒక్కసారి పాడాలని పట్టుదల పుట్టింది.

మనుషులే కరువయ్యారు. డీజేలు వచ్చి పడ్డాయి. ట్రాక్టరు నిండా స్పీకర్లు పేర్చుకుని వచ్చేవాడికి గొంతు అక్కర్లేదు, శృతి అక్కర్లేదు. సా సంగతి చూసుకుంటాడని రవి నమ్మిన బలరాం, బేస్ గిటారు అటక మీద పెట్టి డీజే బండెక్కాడు. ఆర్కెస్ట్రా అంటే చివరికి నేనూ రవీ మిగిలాం. గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు ఆ ఏడాది మూఢం కూడా పొడుగ్గా వచ్చింది.

అప్పుడు తగిలాడు వెంకటప్పయ్యగారు. కల్లూరు ఆసామి. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబం. మిరపలో సంపాదించి, పామాయిల్ తోటల్లో సంపాదించి, డబ్బు ఊరికే ఉంటే పాడవుతుందని భద్రాచలం బ్రిడ్జికి ఇవతల పెద్ద హోటల్ కట్టాడు. కోడలు పద్మప్రియ చదువుకున్న పిల్ల. భోజనాల హాల్లో జాజ్ ఉండాలని ఆమె చెప్పింది. ఆయన హైదరాబాద్‌లో ఏదో పాత బంగళా సామాను అమ్ముతుంటే పోయి నల్లటి పియానో ఒకటి లారీలో వేసుకొచ్చాడు. వాయించేవాడు కావాలన్న సంగతి దాన్ని దింపాక గుర్తొచ్చింది. ఈలోగా దాని మీద పూలకుండీ పెట్టించాడు.

పెళ్లిళ్లలో మమ్మల్ని చూసినవాడే కాబట్టి, ఆదివారం సాయంత్రం వచ్చి వాయించి చూపించమన్నాడు. నచ్చితే ప్రతి ఆదివారం మాదే. పాడే పని ఎక్కడా లేదు నాకు. ఇది పోతే పిల్లలకు సరళీస్వరాలు చెప్పుకుంటూ బోనకల్‌లో కూర్చోవాలి. రవికి ఆ భయం లేదు, ఉద్యోగముంది. అయినా నాకంటే వాడికే ఆత్రం ఎక్కువ. అమ్మ పాటకు అటూ ఇటూ పదకొండులూ పదమూడులూ కూర్చి, తెల్లారకముందే లేచి సాధన చేశాడు. ఆఫీసులో కులం సర్టిఫికెట్ కోసం వచ్చినవాడు మాట్లాడుతుంటే బల్ల మీద వేళ్లతో తొమ్మిదో మెట్టు నొక్కేవాడట. బండి నడుపుతూ హ్యాండిల్ మీద కూడా నొక్కడం చూసి, వాడి వెనక కూర్చోవడం మానేసి నేను బస్సెక్కాను.

ఆదివారం వచ్చింది. హాలు సగం నిండింది. వెంకటప్పయ్యగారు గల్లాపెట్టె దగ్గర, పద్మప్రియ ఆయన పక్కన కూర్చున్నారు. రవి కొత్త చొక్కా వేసుకుని పియానో ముందు కూర్చున్నాడు, మెట్లు తుడిచాడు, నా వైపు చూసి తల ఊపాడు. నేను గొంతు సవరించుకున్నాను. వాడి ఎడమచెయ్యి తనంతట తానే పైకి లేచి ఎడమ పక్కకు వెళ్లింది. అక్కడ నున్నటి చెక్క ఉంది. చెయ్యి దాని మీద తడిమింది. కొంచెం ముందుకు వెళ్లింది. పూలకుండీ తగిలింది.

"అక్కా," అన్నాడు చాలా చిన్నగా. "దీనికి బటన్ లేదు."

"సరిగ్గా చూడు."

"మూత లోపల ఉంటదనుకున్న. అండ్ల గూడ లేదు."

జాజ్ అంతా నేర్చుకున్నాడు మహానుభావుడు. ఏ స్వరం తీసెయ్యాలో, ఏది ఉంచాలో, ఏది ఏ వేలికి ఇవ్వాలో అన్నీ వచ్చు. అన్నీ తెల్లమెట్ల మీదే వచ్చు. నా ఐదున్నరలో సా నల్లమెట్టు. అక్కడి నుంచి వాడి వేళ్లకు ఒక్క కార్డు తెలియదు. అక్కడ వాడు మొదటిరోజు బడికొచ్చిన పిల్లాడు.

"మరేం చేస్తావు?"

"ఒకటో శృతిల పాడు అక్కా."

ఒకటో శృతికి పైకెక్కితే నా గొంతు కుక్కర్ విజిల్ అవుతుంది. దిగితే మగవాళ్ళ గొంతు కావాలి. మింగలేక కక్కలేక వెంకటప్పయ్యగారి వైపు చూశాను. ఆయన చేత్తో కానిమ్మన్నాడు. దిగాను. నోట్లోంచి వచ్చింది నా గొంతు కాదు. సా దగ్గరికి వచ్చేసరికి గాలి తప్ప ఏమీ రాలేదు. మాటలు పెదాల దగ్గరే రాలిపోయాయి. ఇంత చెడ్డగా నేను జ్వరంలో కూడా పాడలేదు. రవి తల వంచుకుని తెల్లమెట్ల మీద తన పదమూడులు తాను వాయించుకున్నాడు. అమ్మ పాటను అలా చంపుతున్నందుకు నా మీద నాకే అసహ్యమేసింది. హాల్లో ఎవరూ తల ఎత్తలేదు. చేపల పులుసు బాగున్నట్టుంది.

అయిపోగానే సంచీ తీసుకుని గుమ్మం వైపు నడిచాను. వెంకటప్పయ్యగారు అడ్డమొచ్చాడు.

"అమ్మాయ్, ఏం పాడావో ఒక్క ముక్క వినపడలా. బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు.

వెటకారమనుకున్నాను. కాదు. పక్కన పద్మప్రియ కూడా కళ్ళు మెరుస్తూ చూస్తోంది.

"ఆ గొంతులో గాలి భలే ఉంది ఆంటీ. అట్లా కావాలనే పాడతారా?" అంది.

"అవునమ్మా," అన్నాను. ఉన్నమాట చెప్తే పని పోతుంది.

"తినేవాళ్ళకి అడ్డం రాకూడదు. అదీ నాకు కావాల్సింది. వచ్చే ఆదివారం నుంచి రండి," అన్నాడు ఆయన.

అట్లా నాకు పని దొరికింది. నా గొంతు పనికిరాదని తేలినందుకు దొరికింది. బస్టాండులో రవిని కడిగేశాను.

"పియానో ఎప్పుడూ చూడలేదా నువ్వు?"

"బొమ్మలల్ల చూసిన అక్కా. బొమ్మల బటన్ ఎట్ల కనపడ్తది?"

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లి గాలి పాడి వచ్చాను. జనం తిన్నారు. వెంకటప్పయ్యగారు మెచ్చుకున్నాడు. పెళ్లిళ్లలో కనీసం నా గొంతును వదిలేసి వెళ్లేవాళ్ళు, ఇక్కడ వదిలేయడానికి నా గొంతే లేదు. ఒకసారి ఇంటికొచ్చి గది తలుపేసుకుని ఐదున్నరలో గట్టిగా ఒక్క సా పాడాను, అది ఉందో పోయిందో చూసుకోవడానికి. ఉంది. మా ఆయన వచ్చి ఏమైందని తలుపు కొట్టాడు.

రవి ఇంట్లో ఏం చేస్తున్నాడో నాకు తెలియనివ్వలేదు. సువర్ణ ఫోన్ చేసి చెప్పింది.

"ఆ బటన్ మీద నా బొట్టుబిళ్ళ అతికించమన్నడు వదినా. ఎర్రది పెద్దది అతికించిన. పీకితే నీ మీదొట్టు అన్నడు. ఇప్పుడు నల్లమెట్ల మీద మొదటికెల్లి నేర్చుకుంటున్నడు. ఇల్లంత పిల్లి నడిచినట్టే ఉన్నది."

నాలుగు వేళ్లలో ఒక్కటే జరిగే ఆ కార్డు దగ్గర వాడి వేళ్లు నల్లమెట్ల మధ్య ఇరుక్కునేవట. తెల్లమెట్ల మీద కళ్ళు మూసుకుని చేసేది ఇక్కడ ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ చేసేవాడట. ఆరంభశూరత్వం అనుకున్నాను. వానాకాలం వచ్చేసింది.

ఆ ఆదివారం గోదావరి రెండో హెచ్చరిక దాటింది. బ్రిడ్జి దగ్గర బండ్లు ఆపేశారు. రాములవారి దర్శనానికి బయలుదేరినవాళ్ళు, దర్శనం చేసుకుని వెనక్కి వెళ్లేవాళ్ళు, చర్ల వైపు వెళ్లాల్సిన ఆఫీసర్లు అందరూ వచ్చి హోటల్లో పడ్డారు. హాల్లో కుర్చీ ఖాళీ లేదు. వెంకటప్పయ్యగారు వరుణదేవుణ్ణి పైకే మెచ్చుకుంటూ తిరుగుతున్నాడు. నేను గాలి పాడటానికి గొంతు దించుకుని నిలబడ్డాను.

రవి కూర్చున్నాడు. ఎడమచెయ్యి ఎటూ వెతకలేదు. సరాసరి ఒక నల్లమెట్టు మీదికి వెళ్లి దాన్ని నొక్కింది. ఆ శబ్దం నాకు తెలుసు. అది నా సా.

"ఐదున్నర అక్కా," అన్నాడు నా వైపు చూడకుండా.

నేను అమ్మ పాట ఎత్తుకున్నాను. నా గొంతులో ఎత్తుకున్నాను. మొదటి మాట దగ్గర రీ మీద ఆగాను, కింద వాడి కార్డు వచ్చి నిలబడింది. గబగబా రాలేదు, అక్కడక్కడా తడబడింది కూడా. ఒకచోట పదమూడో మెట్టుకు వేలు అందక దాన్ని వదిలేశాడు. వదిలేయడమే జాజ్ అని వాడే కదా చెప్పాడు. నేను కళ్ళు మూసుకున్నాను. రెండో చరణంలో ఏదో తేడాగా అనిపించి తెరిచాను.

హాల్లో చప్పుడు లేదు. చెంచాలు ఆగిపోయాయి. దగ్గరి టేబుల్లో ఒక పెద్దాయన చేతిలో పూరీ ముక్క అలాగే గాల్లో ఉంది. సర్వరు పళ్ళెం ఎత్తుకుని హాలు మధ్యలో నిలబడిపోయాడు. వంటింటి తలుపు తెరుచుకుని మాస్టరు గరిటెతో సహా బయటికొచ్చాడు. పాట ఆపలేదు. ఆఖరి మాట దాకా పాడాను, రవి ఒక్క వేలు సగం మెట్టు జరిపి, ఇంకొంచెం జరిపి, పాటను ఇంటికి తీసుకొచ్చాడు. ఆ తర్వాత కూడా కాసేపు ఎవరూ తినలేదు.

వెంకటప్పయ్యగారు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ మా దగ్గరికొచ్చాడు.

"మా అమ్మ గుర్తొచ్చిందమ్మా. నాట్లేసే చోట కూర్చోబెట్టి పాడేది," అన్నాడు. కండువా దులిపి భుజం మీద వేసుకున్నాడు. "అందుకే చెప్తన్నా. ఇంకెప్పుడూ ఇట్లా పాడొద్దు."

సరిగ్గానే విన్నానా అని రవి వైపు తిరిగాను.

"రొట్టెలు చల్లారినయి. ఆ మూల టేబులు వాళ్ళు బిర్యానీ చెప్పబోతా చెప్పబోతా ఆగిపోయారు. ఏడాదికొక్కసారి ఇంత జనం వస్తే, వచ్చినోళ్ళు తినకపోతే నేనేం కావాలి? వచ్చే ఆదివారం నుంచి ఈ అబ్బాయి ఒక్కడే వాయిస్తాడు. పాట వద్దులే."

తిండిని ఆపిన పాట ఒక్కటంటే ఒక్కటి పాడాను నా బతుకులో. ఆ నేరానికి పని ఊడింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, కోపం మాత్రం ఎందుకో రాలేదు. సంచీ కోసం వంగాను.

రవి పియానో మూత వేశాడు. పూలకుండీ తెచ్చి దాని మీద యథాప్రకారం పెట్టాడు.

"నాకు ఐదున్నర ఒక్కటే వచ్చు సార్," అన్నాడు. "అది అక్క లేకుంటే పనికిరాదు."

"మరి మొన్నటిదాకా వాయించింది ఏంది?"

"అది మరిచిపోయిన సార్."

వెంకటప్పయ్యగారు వాడి మొహం చూశాడు, పియానో చూశాడు. హైదరాబాద్ నుంచి లారీలో వచ్చిన సామాను. పూలకుండీకి అంత పెద్ద పీట ఎవరూ కొనరు. కోడలి వైపు చూశాడు. ఆమె చున్నీతో ముక్కు తుడుచుకుంటోంది.

"సరే," అన్నాడు చివరికి. "ముందంతా ఆ వినపడని పాటే. మరిచిపోతే మళ్ళీ గుర్తు చేసుకో. అందరి బిల్లులూ కట్టించుకున్నాక, చివర్లో, ఇది ఒక్కటి పాడుకోండి. అప్పుడు ఎంతమంది ఏడ్చినా నాకేం నష్టం లేదు."

బ్రిడ్జి ఇంకా తెరవలేదు. మమ్మల్నీ తినమని ఒక మూల టేబుల్ చూపించారు. చల్లారిన రొట్టెలు మాకే వచ్చాయి.

"అబద్ధం ఎందుకు చెప్పావు రవీ? ఒకటో శృతి నీకు నిద్రలో కూడా వచ్చు కదా," అన్నాను.

"నువ్వు గూడ కావాలనే గాలి పాడిన్నని చెప్పినవ్ గద అక్కా," అన్నాడు. "తిను, జల్దీ తిను. ఇంకా చల్లారుతది."

రొట్టె తుంచి పప్పులో ముంచాను. అది నోటిదాకా వెళ్లి అక్కడే ఆగింది. లోపల ఆ రీ ఇంకా మోగుతూనే ఉంది, మింగుడు పడటం లేదు. రవి మాత్రం సర్వర్ని పిలిచి ఇంకొంచెం పప్పు వేయించుకున్నాడు.